కంకర మడి

పంతొమ్మిది వందల నలభై ఏడు ఎండాకాలంలో, నానక్‌రామ్‌గూడ దొర తోటమాలి పోచయ్యకు పాము కంటే ఎక్కువగా మట్టి అంటే భయం పట్టుకుంది.

సీమదేశాల్లో మట్టి లేకుండా పంట తీస్తున్నారని దొర ఏదో పత్రికలో చదివాడు. దొరలకు పుట్టిన మోజు కూలివాళ్ల వీపు మీదే మొలుస్తుంది. బంగళా వెనక సిమెంటు తొట్లు లేచాయి. బెజవాడ వైపు నుంచి వెంకటనారాయణ అనే చదువుకున్న మనిషి కొలువుకు వచ్చాడు. కంకర, ఇటుక ముక్కలు జల్లెడ పట్టించి, తేటనీళ్లు వచ్చేదాకా కడిగించి తొట్లు నింపించాడు. మట్టికి బదులు మొక్కకు బలమిచ్చే మందు ఉప్పులు కలిపిన నీళ్లు పోయాలి. కాసేపాగి అడుగు తూములోంచి వదిలేయాలి. కంకర మీద తెల్లగా ఉప్పు పేరితే మంచినీళ్లతో కడగాలి. ఇదంతా పోచయ్యకు తొందరగానే పట్టుబడింది.

"మట్టి మాత్రం గోరంత కూడా పడకూడదు సుమా," అన్నాడు వెంకటనారాయణ.

"పంట ఖరాబైతే నీ గుడిసె పీకిస్త," అన్నాడు దొర. అన్నంత పనీ చేసే మనిషే. నిరుడు పీకించిన కూలి ఎల్లేశం ఇంటి దూలాలు బంగళా పొయ్యిలోనే కాలాయి.

కానీ భూదేవికి చెప్పకుండా మొక్క నాటడం ఎలా? కొత్త మడి కట్టినప్పుడల్లా పాత మడి మట్టి పిడికెడు తెచ్చి వేయడం పోచయ్య ఇంటి ఆచారం. టమాట నారు పెట్టిన పొద్దున, ఎవరూ చూడకుండా మొదటి తొట్టి మూలన, తూము పైన, పిడికెడు వేసి దండం పెట్టుకున్నాడు.

మిగతా తొట్లు కాయలతో బరువెక్కాయి. మొదటి తొట్టిలో తూము పూడి, నీళ్లు నిలిచి, మొక్కలన్నీ వాలిపోయాయి. ఒకటి పీకి చూస్తే వేరు నల్లగా కుళ్లి ఉంది. పోచయ్య గుడిసెకు పరుగెత్తాడు.

"ఏంది, గట్ల ఉరికొచ్చినవ్?" అంది భార్య చంద్రమ్మ.

"మట్టేసిన్నే. దొరకు తెలిస్తే ఇగ మన గుడిసె ఉండది."

"నీ మొక్కు మండ! కంకరకు గూడ మొక్కులేందయ్యా? ఫికర్ జేసుకుంట కూసుంటే ఏమొస్తది, తీసి కడుగు!"

దొర పట్నం పోయి ఉన్నాడు. ఇద్దరూ మొక్కలు పీకేసి, కంకర తోడి, కుళ్లు పోవాలని గుండిగలో మరగబెడుతుంటే మోటారు చప్పుడైంది. దొర దిగాడు, వెంట వెంకటనారాయణ.

"ఏందిరా ఇది?"

వెంకటనారాయణ చూపు నల్లటి వేళ్ల మీద పడి, ఖాళీ తొట్టి తూములో మిగిలిన మట్టి మీదికి జరిగింది. మట్టి సంగతి బయటపడితే తన కొలువూ మిగలదు.

"నేనే చెయ్యమన్నానండి. ఇలా కంకర కాచి కడిగితే వేళ్లకు గాలి బాగా ఆడుతుందండి."

దొర ముఖం విప్పారింది. "మరి ఒక్కటే ఎందుకు? ఐతారం దోస్తులొస్తున్నరు. అన్ని తొట్లు గిట్లనే మెరవాలె. అన్నీ తోడి కడుగు."

కాయ మీదున్న మొక్కను పీకి మళ్లీ నాటితే ఆదివారం నాటికే వాడిపోతుందని పోచయ్యకూ వెంకటనారాయణకూ తెలుసు. వద్దంటే దొర ఎందుకని అడుగుతాడు. అడిగితే మాట మట్టి దాకా పోతుంది.

పోచయ్య రెండో తొట్టి ముందు కూర్చుని మొక్కను లాగాడు. కంకర రాళ్లను కావలించుకున్న తెల్లటి వేళ్లు, పచ్చికాయలతో సహా పైకొచ్చాయి.

దొర లోపలికి పోయాక చంద్రమ్మ గొంతు తగ్గించి అడిగింది. "గుడిసె ఉంటదా మరి?"

"ఐతారం దాంక ఉంటది," అన్నాడు పోచయ్య, ఇంకో మొక్క మొదట్లో చెయ్యి పెడుతూ.