ఐదుగురు రాస్తే చూసేది నేనొక్కదాన్నే

ప్రొద్దుటూరులో బట్టల అంగడి మీది గదిలో మా సాఫ్ట్‌వేర్ ఆఫీసు. ప్రోగ్రాములు రాసేవాళ్లు ఐదుగురు. రాసిందాన్ని పరీక్షించే టెస్టర్‌ని నేనొక్కదాన్నే. ఇంకొకరిని తీసుకోమని యజమానిని మూడుసార్లు అడిగాను. "తప్పుల్లేకుండా రాస్తే చూసేటోళ్లతో పనేముందమ్మా" అనేవాడు. మావాళ్లు తప్పుల్లేకుండా రాసిన రోజును నేనైతే చూడలేదు.

ఎన్నికలొచ్చాయి. ఒక పార్టీవాళ్లు ఊరూరి ఓటర్ల జాబితా ఇచ్చి, ఇంటింటికీ పంచే చీటీలు అచ్చేసే ప్రోగ్రాము అడిగారు. చనిపోయినవాళ్ల పేర్లు వేరే కాగితం మీద రావాలి. ఇవ్వాల్సిన నాటి సాయంత్రం, అది సరిగ్గా వస్తోందో లేదో చూద్దామని ప్రతి ఊరి జాబితాలోనూ మొదటి పేరు పక్కన 'మృతి' అని పెట్టాను. బాగానే వచ్చింది. వాటిని తీసేసేలోపు ఐదుగురూ వరసగా ఏవో మార్పులు తెచ్చి నా నెత్తిన పడేశారు. తీయడం మర్చిపోయి అలాగే ఇచ్చేశాను. నేను చేసింది చూడడానికి ఇంకో మనిషి లేదు.

మూడోరోజు యజమాని పులివెందులకు పోయాడు. పదకొండింటికి ముగ్గురు మెట్లెక్కి వచ్చారు. ముందున్నాయన జమ్మలమడుగు పక్క పల్లెలో ఎదుటి పార్టీ పెద్దమనిషి. ఆ ఫ్యాక్షన్ ఏళ్లలో ఆయన్ని ఎరగనివాళ్లు లేరు. రాసేవాళ్లు ఐదుగురూ టీకని జారుకున్నారు. ఆయన ఒక కాగితం నా బల్ల మీద పెట్టాడు. చనిపోయినవాళ్ల కాగితం, అడుగున మా ఆఫీసు పేరుతో సహా. అందులో ఆయన పేరు.

"ఇది రాయమని నీకు చెప్పిందెవరు?"

"ఎవరూ చెప్పలేదన్నా. నా పొరపాటే."

"మా ఊర్లో అన్ని ఓట్లుండాయి. పొరపాటు ఎతుక్కుంటా వచ్చి నా పేరు మీదే పడిందా? ఇది నన్ను లేపేస్తామని మీకు పనిచ్చిన పార్టీవాళ్లు పంపిన కబురు. చెప్పింది ఆ పార్టీలో ఉండే నా దాయాదేనా? ఆ మాటొకటి చెప్పు, సాలు."

ఔనంటే ఆ దాయాది బతకడు. కాదంటే ఈయన నమ్మడు. యజమాని మీదా, పారిపోయిన ఐదుగురి మీదా ఏడుపొచ్చేంత కోపం. పక్క ఊరి జాబితా తెరిచాను. మొదటి పేరు, మృతి. ఇంకో ఊరు తెరిచాను. మొదటి పేరు, మృతి.

"పనిచేస్తాందో లేదో చూడ్డానికి ఊరూరికీ పైనున్న పేరు పట్టుకున్నానన్నా. ఒకటో నంబరు ఇల్లు మీదే."

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని తెర మీదికి వంగాడు. నాలుగో ఊరి దగ్గర వేలు ఆగింది.

"ఈయప్ప వాళ్ల మనిషే గదా. వాళ్లోణ్ణి గూడా సంపినావా?"

"ఊరికొకర్ని అన్నా."

ఆయన కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. "నువ్వు చేసింది చూసేటోళ్లు లేరా?" అన్నాడు చివరికి.

"లేరు. అందరిదీ నేనే చూడాల."

"మా జీపు నడిపేటోడు ఒకడే పాపా. ఎక్కేముందు బాంబు పెట్టినారేమోనని కింద వంగి చూసేటోళ్లు ముగ్గురు."

నా బల్ల మీది ఫోను దగ్గరికి లాక్కుని నంబరు తిప్పాడు. అవతల ఎత్తలేదు. మళ్లీ తిప్పాడు. మూడోసారి అంకె తప్పు తిప్పి మొదట్నుంచి మొదలుపెట్టాడు. నాలుగోసారికి ఎవరో ఎత్తారు.

"మనోళ్లు వాని మీదికి బయల్దేరినారా?" అని అడిగి, అవతలి మాట విని కళ్లు మూసుకున్నాడు. "జీపు దిగమను. అందర్నీ దిగి ఇండ్లకు పొమ్మను."

ఆ దాయాది ఇప్పటికీ బతికే ఉన్నాడు. నా మరుపు వల్ల ప్రాణం మీదికొచ్చిందని ఆయనకు తెలీదు. ఎప్పుడైనా బజార్లో ఎదురుపడితే నేను పక్క సందులోకి తిరిగిపోతాను.