లైసన్ ఈల

లైసన్ చేసిన చివరి మామూలు పని, అక్క మలీటా పారకు ఊడిన పిడి బిగించడం. మేకు దొరక్క, చీల్చిన కర్రముక్కను సందులో దిగ్గొట్టి, రెండుసార్లు నేలకేసి కొట్టి చూశాడు.

"నీ చేతిలో ఇనుము కూడా నిలవదే అక్కా."

"నీ ఈల మాత్రం ఎవరి చెవిలో నిలిచిందిరా?" అంది మలీటా.

ఆ సాయంత్రమే ఆమె అత్త పోయింది.

షిరే నది ఒడ్డున పాతిన కొలకర్ర చూసి, నీళ్లు ఎర్రగీత దాటితే ఊరంతా తిరిగి ఈల వేయడం లైసన్ పని. జీతం లేదు. ఒక ఈల, ఒక పసుపు చొక్కా ఇచ్చారు. కిందటేడు రెండుసార్లు ఈల వేస్తే జనం గుట్ట మీది బడికి పరుగెత్తారు. రెండుసార్లూ నీళ్లు రాలేదు. తిరిగొచ్చేసరికి పదకొండు మేకలు లేవు. అప్పటినుంచి పిల్లలు అతన్ని చూస్తే మేకల్లా అరిచేవాళ్లు.

చెరుకు తోటల్లో కూలికి పోయిన మలీటా భర్త వస్తే గానీ తల్లిని పూడ్చరు. ఆడవాళ్లు శవం చుట్టూ, మగవాళ్లు ముంగిట్లో కూర్చున్నారు. చావింట పొయ్యి వెలగదు కాబట్టి వెనక వంటపాక వైపు ఎవరూ వెళ్లరు. పూడ్చేలోగా ఎవరు ముందు లేస్తే చేతబడి చేసి చంపింది వాళ్లే. అందులోనూ కోడలు లేస్తే సాక్ష్యం కూడా అక్కర్లేదు.

మర్నాడు పొద్దున ఈల వినిపించింది. ఆకాశంలో మబ్బుతునక లేదు. వాన ఎక్కడో పైన, కొండల్లో కురిసింది.

లైసన్ గుమ్మంలో నిలబడ్డాడు, మోకాళ్ల దాకా బురదతో. "గీత మునిగింది. లేవండి."

"చీమలు గుడ్లు మొయ్యలేదు. నీళ్లెక్కడివి?" అన్నాడు ముంగిట్లోంచి ఓ ముసలాయన. ఒక్కడు మాత్రం పెళ్లాం బిడ్డల్ని లేపుకుని గుట్ట వైపు నడిచాడు. అతని వీపును అందరూ గుర్తు పెట్టుకున్నారు.

లైసన్ లోపలికి వంగాడు. మలీటా ఒళ్లో ఆరేళ్ల తమందా నిద్రపోతోంది. "పిల్లనైనా ఇవ్వక్కా."

చనిపోయినామె చెల్లెలు ఫలేసి గోడకు ఆనుకుని ఉంది. "ఇవ్వమ్మా, ఇవ్వు. చెయ్యాల్సింది చేశావుగా, ఇంక కూతుర్ని దాచుకో."

సడలిన మలీటా చెయ్యి మళ్లీ బిగుసుకుంది.

"సరే, ఇంటి వెనక్కి ఒక్కసారి రా. ఒక మాట చెప్పాలి," అన్నాడు లైసన్.

పక్కకు పిలిచి పిల్లను లాక్కుపోతాడనుకుంది మలీటా. అందరికీ వినబడాలని గొంతు పెంచింది. "మా అత్త శవం మీద నీ ఈల ఊదకు. పోయి మేకల దొంగల దగ్గర నీ వాటా తీసుకో."

ఆడవాళ్లు నవ్వారు, శవం పక్కనే. లైసన్ తరువాతి ఇంటికి వెళ్లాడు. ఈల దూరమైంది.

మధ్యాహ్నం దాటాక నీళ్లు ఏటి వైపు నుంచి కాక చేల వైపు నుంచి వచ్చాయి. ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచింది శవమే. చాపతో సహా తేలి గుమ్మానికి అడ్డం పడింది. మలీటా దాన్ని తొక్కుకుంటూ బయటపడి, ఒక చంకలో పిల్లతో గడ్డికప్పు ముందు వాలు మీదికి పాకింది. ఒక చేత్తో దూలం, ఒక చేత్తో బిడ్డ. సాయంత్రానికి బిడ్డను పట్టుకున్న చేతికి స్పర్శ పోయింది. అది ఎప్పుడు ఖాళీ అయిందో ఆమెకు తెలియదు.

లైసన్ మూడో రోజు ముళ్లకంపలో దొరికాడు. మెడలో ఈల అలాగే ఉంది.

గుట్ట మీద గంజి వరుసలో ఫలేసి చెప్పింది, "వాడు ఈలేసి పిలిస్తేనే కదా నీళ్లొచ్చాయి." ముందే లేచి వెళ్లినవాడు వాడికి తోడుదొంగ అన్నారు. మలీటా పళ్లెం చాపింది.

నీళ్లు తీశాక ఇంటికి వెళ్లింది. గోడలు కరిగిపోయాయి. వెనక వంటపాక గుంజ మాత్రం నిలిచి ఉంది. దానికి తమ్ముడి దోనె కట్టి ఉంది, లోపల తెడ్డుతో. కప్పుకు అవతలి వాలు కింద, పది అడుగుల దూరంలో. చావింటి వెనక దోనె కట్టానని లైసన్ అందరి ముందూ అంటే, పారిపోవడానికి ముందే సిద్ధం చేసుకుందని అక్కను రాళ్లతో కొట్టేవాళ్లు.

తాడు చూసింది. బిడ్డను చంకనెత్తుకున్న మనిషి ఒంటి చేత్తో లాగితే ఊడే ముడి. లాగింది. ఊడింది.