పిల్లి కోసం వేసిన ముడులు

ఆ శనివారం సాయంత్రం మా పాప ప్రైసీ నాలుగో మెట్టు మీద నుంచి దూకింది. రోజూ దూకే మెట్టే. ఈసారి కుడి చెయ్యి నేలకు ఆనించి పడింది. నేను చూస్తుండగానే మోచేయి ఉబ్బిపోయింది. ఎత్తుకుని మంచం మీద కూర్చోబెట్టి, ఎందుకో వేళ్ల వైపు చూశాను. బొటనవేలు, చూపుడువేలు చివర్లు పుల్లల్లా నిలబడి ఉన్నాయి.

"వేళ్లు వంచు బిడ్డా" అన్నాను.

"వంచుతున్న కదా మమ్మీ" అంది ఏడుస్తూనే.

వేళ్లు కదల్లేదు. తను మాత్రం వంచుతున్నాననే అనుకుంటోంది.

పాపకు ఆరేళ్లు. చేవెళ్లలో కిరాయి ఇంట్లో ఉంటాం. మా ఆయన మొయినాబాద్ అవతల, ప్లాస్టిక్ పందిరి కింద గులాబీలు పెంచే పాలీహౌస్‌లో సూపర్‌వైజర్. నేను డిగ్రీ చదివాను, ఇంట్లో ట్యూషన్లు చెబుతాను. మాతోపాటు మా అత్తమ్మ ఉంటుంది. పాప పడుకున్నాక, ఇల్లు సద్దుమణిగాక, నాలాగా భయపడుతున్న తల్లులెవరైనా చదువుతారని ఇది రాస్తున్నాను.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. ఆర్థో డాక్టర్ తన బొటనవేలు, చూపుడువేలు కలిపి గుండ్రంగా సున్నా చేసి, "ఇట్ల పెట్టు" అని పాపను అడిగారు. పాప పెట్టింది. రెండు వేళ్లూ వంగకుండా పిట్ట ముక్కులా బల్లపరుపుగా కలిశాయి. ఆయన ఆ ముక్కును కాసేపు చూసి మా వైపు తిరిగారు. సుప్రాకాండైలర్ ఫ్రాక్చర్ అన్నారు. మోచేతి పైన ఎముక విరిగి పక్కకు జరిగింది, దాంతోపాటు నరం కూడా నలిగింది. పొద్దున్నే ఆపరేషన్ చేసి ఎముకను కె-వైర్లనే సన్నటి స్టీలు కమ్మీలతో నిలబెడతామన్నారు.

"మరి నరం సార్?" అని అడిగారు మా ఆయన.

"చాలావరకు న్యూరోప్రాక్సియానే అయి ఉంటది. తెగి ఉండదు, నలిగింది. దానంతట అదే రావాలె. మూడు నెలలు చూద్దాం. అప్పటికీ కదలిక రాకపోతే నెర్వ్ కండక్షన్ టెస్ట్. అవసరమైతే ఇంకో ఆపరేషన్."

ఆపరేషన్ బాగానే జరిగింది. చేతికి పిండికట్టు లాంటి స్లాబ్ వేసి ఇంటికి పంపారు. ఇక నాకు ఆ మూడు నెలల గడువు తప్ప ఇంకేమీ గుర్తులేదు. రోజుకు ఇరవైసార్లు సున్నా పెట్టమని పాపను అడిగేదాన్ని. వారం తిరిగేసరికి నన్ను చూస్తేనే చెయ్యి దుప్పటి కింద దాచుకోవడం మొదలుపెట్టింది, కట్టు విప్పాక అయితే వీపు వెనక.

అన్నం దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. కుడి చెయ్యి స్లాబ్‌లో ఉంది. పాప ఎడమ చేత్తో ముద్ద తీయబోతే అత్తమ్మ కంచం లాగేసుకుంది. "ఎడమ చేత్తోని అన్నం ముడ్తరా? నేను లేనా తినిపిస్త" అంది. అప్పటినుంచి పొద్దున ఆమె, మధ్యాహ్నం నేను, రాత్రి మా ఆయన. పళ్లు తోమడం, బొత్తాలు పెట్టడం, జడ వేయడం, నీళ్ల గ్లాసు నోటికి అందించడం అన్నీ మేమే. నాలుగు వారాలకు వైర్లు తీశారు, స్లాబ్ తీశారు. ఇక ఆ చేత్తో చిన్న చిన్న పనులు చేయనివ్వమని డాక్టర్ చెప్పారు. నేను తలూపాను కూడా. ఇంటికొచ్చాక ముద్ద వేళ్ల సందుల్లోంచి జారిపోతుంటే చూడలేక మళ్లీ మేమే తినిపించాం.

రెండు నెలలు నిండబోతుండగా అత్తమ్మతో కలిసి చెకప్‌కు వెళ్తే ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి పంపారు. ఆమె నాకంటే కాస్త పెద్దావిడ. పాప వేళ్లను ఒక్కొక్కటిగా వంచి చూసింది. కీళ్లు బిగుసుకుపోతున్నాయంది. తర్వాత అడిగింది, అన్నం ఎవరు తినిపిస్తున్నారని.

ముగ్గురం వంతులు వేసుకుని తినిపిస్తున్నామని చెప్పాను. మెచ్చుకుంటుందనే అనుకున్నాను.

ఆమె పెన్ను పక్కన పెట్టింది. "ముగ్గురు పెద్దోళ్లు కలిసి ఒక చెయ్యికి సెలవు ఇచ్చిండ్రన్నమాట. రేపు నరం వస్తది, వచ్చినాక వేళ్లు వంగకపోతే ఏం చేస్తరు?"

బయట బెంచీ మీద కూర్చుని అత్తమ్మ పాప వేళ్లను ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్కటిగా నిమిరింది. నాకైతే ఎవరో చెంప మీద కొట్టినట్టయింది. పాపకు ఏ లోటూ రాకూడదని చేసిందంతా పాప చేతికే ఎదురు తిరిగింది.

పిసకడానికి మైనం ముద్దలాంటి పుట్టీ, నొక్కడానికి బట్టల క్లిప్పులు ఇచ్చారు. పాప పుట్టీని గోడకేసి కొట్టింది. క్లిప్పులను మంచం కిందికి తోసింది. తినిపించడం ఆపితే సగం కడుపుతో లేచిపోయేది. మూడు రోజులు ఇంట్లో ఏడుపే.

నాలుగో రోజు మా ఆయన బకెట్‌లో పిల్లి పిల్లను పెట్టుకొచ్చారు. పాలీహౌస్ ప్యాకింగ్ గదిలో దొరికిందట. వేయించిన పల్లి రంగులో ఉందని పాప దానికి పల్లి అని పేరు పెట్టేసింది. పల్లితోపాటు ఆయన జేబులో నాలుగు పాత బడ్ క్యాపులు కూడా వచ్చాయి. గులాబీ మొగ్గ ముందే విచ్చుకోకుండా తొడిగే సాగే వల తొడుగులు అవి. పాప ఒకదాన్ని ఎడమ చేత్తో నలిపి విసిరింది. పల్లి గాల్లోకి ఎగిరి, దాన్ని పట్టుకుని, పట్టు తప్పి అత్తమ్మ చెప్పులో పడింది. ఇల్లంతా నవ్వింది. పాప పడ్డ రోజు నుంచి మా ఇంట్లో అదే మొదటి నవ్వు.

ఇంకోటి కావాలంది పాప, లోపల కాగితం కూరి లావుగా ఉండేది. వల నోరు తెరిచి పట్టుకుంటే తప్ప కాగితం లోపలికి పోదు. దానికి రెండు చేతులూ కావాలి. వీపు వెనకున్న కుడి చెయ్యి ఎవరూ పిలవకుండానే ముందుకొచ్చింది. నేను గబగబా వంటగదిలోకి వెళ్లి అత్తమ్మ చెవిలో చెప్పాను. ఇద్దరం తలుపు చాటు నుంచి దొంగల్లా చూశాం.

ఆ వారమంతా మా ఇల్లు ఒక కార్ఖానా. మా ఆయన సాక్సులు ఒంటి కాలివే మిగిలాయి. సిరప్ డబ్బాలో నాలుగు శనగలు వేసి మూస్తే గలగలలాడే బొమ్మ. రబ్బర్ బ్యాండ్లు చుట్టిన పాత పేపర్ ఉండలు లెక్కలేనన్ని. స్కూల్ నుంచి రాగానే బ్యాగు విసిరేసి, "పల్లికి ఏం చేద్దాం ఇయ్యాల?" అని అడిగేది. నేను సున్నా పెట్టమని అడగడం మానేశాను. నా ఇరవైసార్ల లెక్క ఎప్పుడు ఆగిపోయిందో నాకే తెలియదు.

ఇంతలో ఒక పొద్దున పల్లి కక్కింది. ఆ కక్కులో తెల్లటి వల ముక్కలున్నాయి. తన బొమ్మే దాన్ని చంపేస్తుందని పాప పల్లిని ఒళ్లోకి లాక్కుంది. పశువుల దవాఖానకు పరుగెత్తాం. అక్కడ బర్రెలు, మేకలు. మేకను పట్టుకున్న ఒక పెద్దాయన మా బుట్టలోకి తొంగి చూసి, "పిల్లులకు గూడ చీటీ రాస్తున్నరా ఇప్పుడు?" అన్నాడు. అత్తమ్మ తగ్గలేదు. "మేకకు రాస్తలేరా? గట్లనే" అంది.

డాక్టర్ పల్లి పొట్ట తడిమి చూశారు. వల బయటికొచ్చేసింది కాబట్టి గండం తప్పిందన్నారు, రెండు రోజులు తిండి తింటోందా, దొడ్డికి పోతోందా అని కనిపెట్టి ఉండమన్నారు. మళ్లీ కక్కినా, తిండి మానేసినా వెంటనే తీసుకురమ్మన్నారు. తర్వాత మాతో కాకుండా పాపతో మాట్లాడారు.

"వల వద్దు, దారం వద్దు, రబ్బర్ బ్యాండ్ వద్దు. మింగితే పేగులల్ల చిక్కుకుంటది. మంచి గుడ్డతోని చెయ్యి. ముడి గట్టిగ వెయ్యి. ముడి నీ జిమ్మ, ఊడితే నీదే బాధ్యత."

పాప చాలా సీరియస్‌గా తలూపింది.

నాకు ఆ క్షణంలో తట్టలేదు కానీ, ఆ మాటే మా పాప వైద్యాన్ని మలుపు తిప్పింది. రబ్బర్ బ్యాండ్ పోయింది కాబట్టి ప్రతిదానికీ ముడి వేయాలి. ముడి వేయాలంటే గుడ్డ కొసను రెండు వేళ్ల చివర్లతో పట్టి లాగాలి. పాత కాటన్ టీషర్టును వెడల్పు పట్టీలుగా కత్తిరించి ఇచ్చేదాన్ని. పాప మూడు పట్టీలను జడలా అల్లి రెండు చివర్లా ముడి వేసేది. మొదట్లో చూపుడువేలికీ మధ్యవేలికీ మధ్య ఇరికించి లాగేది. కొస జారిపోయేది. మళ్లీ లాగేది. ఒకసారి ఆగలేక నేను చెయ్యి పెట్టబోయాను.

"ముట్టకు మమ్మీ. డాక్టర్ సార్ నాకు చెప్పిండు, నీకు కాదు."

కోడిగుడ్ల అట్ట తెచ్చి, గుంటల్లో ఉడికించిన చికెన్ తునకలు పెట్టి, పైన పేపర్ ఉండలు కప్పేది. పల్లి ఒక్కో ఉండను పంజాతో లాగి, కింది తునక తినేది. గోరంత తునకను గుంటలో పెట్టాలంటే వేళ్లతో చిటికెడు పట్టాలి. ఫిజియో క్లిప్పులతో చేయించాలనుకున్నదీ అదే. పాప ముప్పై గుంటలూ నింపేది, సగం కింద పడేసి మళ్లీ ఏరుకుని.

పదో వారం. వరండాలో కూర్చుని ముడి బిగిస్తోంది. అత్తమ్మ నా మోచేయి గట్టిగా గిల్లింది.

"అరవకు. అరిస్తే ఆపేస్తది. బొటనవేలు చూడు."

చూశాను. గుడ్డను లాగినప్పుడు బొటనవేలి కొస వంగింది. కొద్దిగానే, నువ్వుగింజంత. వదిలింది. మళ్లీ లాగింది, మళ్లీ వంగింది. పాపకు తెలియనే తెలియదు, నాలుక బయటపెట్టి ముడి వైపే చూస్తోంది. నేను లేచి బాత్రూంలోకి వెళ్లి కొళాయి తిప్పి నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు. మా ఆయనకు ఫోన్ చేస్తే ఫోటో పంపమన్నారు. ఫోటో తీయాలన్న సంగతే మర్చిపోయాను. ఆయన మధ్యాహ్నం బండి వేసుకుని ఇంటికే వచ్చేశారు.

మూడు నెలల రివ్యూలో డాక్టర్ మళ్లీ సున్నా అడిగారు. పాప పెట్టింది. ఒక పక్క నొక్కుకుపోయిన సున్నా, కానీ సున్నానే. ఆయన ఆ రెండు వేళ్ల మధ్య తన వేలు దూర్చి లాగి చూసి, టెస్ట్ అవసరం లేదన్నారు. నేను పిల్లి బొమ్మల కథంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాను. ఆయన నవ్వారు.

"నరం దాని టైమ్‌కు అది వచ్చిందమ్మా. కానీ అది వచ్చేసరికి వేళ్లు మెత్తగ ఉన్నయ్, పని మర్చిపోలేదు. అది మాత్రం మీ పిల్లి చేయించిందే."

ఇప్పుడు ఐదో నెల నడుస్తోంది. పాప తన అన్నం తను తింటోంది, కాస్త ఆలస్యంగా. పేజీ నిండా రాస్తే బొటనవేలు అలసిపోతుంది. మోచేయి ఇంకా పూర్తిగా చాచలేకపోతోంది, వస్తుందన్నారు. పల్లి ఏపుగా పెరిగి కిటికీలో పడుకుంటోంది. చర్చిలో మా వరసలో కూర్చునే ఇద్దరు ఆంటీలు వాళ్ల పిల్లుల కోసం గుడ్డ జడలు చేసిపెట్టమన్నారు. పాప ప్రతి ముడినీ లాగి పరీక్షించి ఇస్తోంది, దారం పోగు లేచినా, పిల్లి పళ్లకు చీలినా ఆ బొమ్మను పారేయాలని వాళ్లకు గట్టిగా చెబుతోంది.

నేను చెప్పగలిగిన సలహా ఒక్కటే. దెబ్బ తగిలిన చేత్తో ఏ పనులు చేయించవచ్చో డాక్టర్‌ను అడిగి అక్కడికక్కడే కాగితం మీద రాసుకోండి. ఆ కాగితంలో ఉన్న పనిని ఇంట్లో ఎవరూ చేసిపెట్టకండి. బిడ్డ తంటాలు పడుతుంటే పక్కనే కూర్చోండి, ఎంతసేపైనా సరే. చేతులు మాత్రం మీ ఒళ్లోనే ఉంచుకోండి.