ఢిల్లీకి ఫోన్ చేసే పెద్దమనిషి

శుక్రవారం ఆయన ఇంటికి భోజనానికి వెళ్ళాలంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఈ గల్ఫ్ దేశంలో మా ఆయన పనిచేసే కంపెనీలో ఆయనే పైవాడు. పిలిస్తే వెళ్ళకుండా ఉండే వీలు లేదు. అబూ హమూర్‌లోని మా ఇంటి దగ్గర కారెక్కింది మొదలు ముఐథర్‌లోని ఆయన విల్లా ముందు దిగేదాకా నేను ముఖం మాడ్చుకునే కూర్చుంటాను. మా ఆయన మాత్రం పండక్కి వెళ్తున్నట్టు కొత్త చొక్కా వేసుకుంటాడు.

మా తమ్ముడు చనిపోయిన వారం కూడా అక్కడికే వెళ్ళాం. మా ఊరి వాగులోంచి ఇసుక ఎత్తుకుపోయే లారీలను వాడు సెల్‌ఫోన్‌లో వీడియో తీసేవాడు. వద్దని చాలాసార్లు చెప్పాను. ఒక సాయంత్రం ఆ లారీల్లోదే ఒకటి వాడి బండిని వెనకనుంచి గుద్దింది. ఎస్సై ప్రమాదమని రాసుకుని, లారీని స్టేషన్ ముందు నిలబెట్టి, చేతులు దులిపేసుకున్నాడు. వాడి ఫోన్ ఏమైందని కూడా అడగలేదు.

వాడిని చంపారు. నాకు ఇందులో అనుమానం లేదు, అప్పుడూ లేదు.

వాడి భార్య, మా మరదలు, ఊరి నుంచి ఫోన్ చేసింది. "వదినా, వకీలు సాబ్ హైకోర్టుల కేసు ఏద్దమంటున్నడు. లారీ స్టేషన్ల ఉండంగనే ఏయాల్నట. మీరేమంటరు?"

వెయ్యమన్నాను. ఆ మాట ఆ శుక్రవారం భోజనాల దగ్గర మా ఆయన నోరు జారాడు. పెద్దమనిషి కూర గిన్నె పక్కన పెట్టి, చెయ్యెత్తాడు.

"కోర్టా? అస్సలొద్దమ్మా! కేసు కోర్టుకెక్కిందంటే ఢిల్లీవాళ్ళు ముట్టుకోరు. నేనొక్క ఫోన్ కొడతాను, సీబీఐ దిగుతుంది. అప్పుడా ఎస్సై ఏ మూల దాక్కుంటాడో చూద్దురుగాని."

బల్ల చుట్టూ కూర్చున్న అతిథులందరూ తలలూపారు. ఇక్కడ ఏ పని కావాలన్నా వాస్తా ఉండాలంటారు, అంటే పైన మనకు తెలిసినవాడు ఒకడుండాలి. ఇన్నేళ్ళు ఇక్కడ బతికిన మా మగవాళ్ళకు అదే రాజ్యాంగమైపోయింది. ఇక్కడ దేశమంతటికీ ఒకటే పోలీసు. ఇండియా అంటే మాకు కనిపించేది ఒక్క ఎంబసీ, దాని మీద ఒక్క జెండా. అందుకే అక్కడ ఠాణా ఢిల్లీది కాదనీ, రాష్ట్రానిదనీ వీళ్ళకు గుర్తే లేదు. నేను వద్దంటున్నా వినకుండా మా ఆయన అక్కడే ఫోన్ కలిపాడు. పెద్దమనిషి స్వయంగా మా మరదలితో మాట్లాడి, కోర్టు మాట ఎత్తవద్దని చెప్పాడు. అంత పెద్దాయన చెబుతుంటే ఆ పిల్ల ఏం చేస్తుంది? ఆగింది.

ఆయన ప్రతి శుక్రవారం "ఫైల్ కదిలిందమ్మా" అనేవాడు. ఏ ఫైల్, ఎక్కడ, ఎవరి బల్ల మీద? అడిగితే మా ఆయన బల్ల కింద నా కాలు తొక్కేవాడు.

ఈలోగా ప్రమాదం కేసే కదా అని లారీని యజమానికి వదిలేశారు. మా మరదలు దాన్ని రోడ్డు మీద చూసింది. రంగు వేసి, బంపర్ మార్చి, ముందు అద్దానికి నిమ్మకాయలు కట్టి తిప్పుతున్నారు. ఆ సంగతి విన్నప్పుడు నేను అల్ వక్రాలో చేపల బజారు దగ్గర ఉన్నాను. మా ఆయన చేపలు తేవడానికి దిగితే కార్లోంచే ఆ వకీలుకు ఫోన్ చేశాను.

"అక్కా, సీబీఐ ఢిల్లీది. మన దగ్గర పోలీసు రాష్ట్రం చేతుల ఉంటది. రాష్ట్రం ఒప్పుకోంది వాళ్ళు ఈడ కేసు ముట్టరాదు. ఎప్పటికీ చెల్లేటట్టు ఇచ్చిన ఒప్పుకోలు ఒకటుండె, దాన్ని మనోళ్ళు ఎన్నడో వాపస్ తీస్కున్నరు. ఇగ సర్కారన్న రాసియ్యాలె, లేకుంటే హైకోర్టన్న చెప్పాలె. కోర్టు చెప్తే ఎవ్వల ఒప్పుకోలు అక్కరలేదు. నేను మొదట్నించి మొత్తుకుంటున్నది గదే."

ఉన్న ఒక్క తలుపునూ ఆ పెద్దమనిషి మా చేతులతోనే మూయించాడు. ఆ కారులో కూర్చుని గట్టిగా తిట్టాను, ఏడ్చాను.

ఢిల్లీకీ రాష్ట్రానికీ మధ్య ఆ గీత ఎందుకు గీశారో నాకు తెలుసు. ఢిల్లీలో కూర్చున్నవాడు నచ్చనివాళ్ళందరి మీదికీ పోలీసులను తోలకూడదని. సరే, ఆ భయం నిజమే. కానీ మా ఊళ్ళో ఆ గీత చాటున నిలబడి నవ్వుకుంటున్నది ఎస్సై. తెలిసి నవ్వేవాడి మీదకన్నా, తెలియకుండా పెద్దరికం ఒలకబోసినవాడి మీదే నాకు కసి.

మరదలు చివరికి కోర్టులో వేసింది. తమ్ముడి బండిని గుద్దిన ఆ లారీ పాత బంపర్ మాత్రం ఏ ఇనప కొట్లో కరిగిపోయిందో ఎవరికీ తెలియదు.

మొన్న శుక్రవారం పెద్దమనిషి ఇంకెవరికో ధైర్యం చెబుతున్నాడు. "నేనొక్క ఫోన్ కొడితే చాలండీ..."

"ఆ నంబర్ ఇయ్యండి సార్. ఇప్పుడే కలుపుదాం," అన్నాను.

"జర ఊకో," అని మా ఆయన గొణిగాడు.

"అదేంటమ్మా, మీకోసం నేను ఎంత ప్రయత్నించానో మీకేం తెలుసు? ఢిల్లీవాళ్ళ చేతులు కట్టేసుంటే నేనేం చేస్తాను!" అన్నాడు పెద్దమనిషి.

నా ఫోన్ మోగింది. మరదలు. ఆ పిల్లకు గల్ఫ్ అంతా దుబాయే. ఫోన్ అందరికీ వినిపించేలా పెట్టాను.

"వదినా, మీ దుబాయ్ సారు పక్కకే ఉన్నడా? ఉంటే జర ఇనమను. గదే లారీ. మా గడప ముందల్నించే పోతుంది."

లోడుతో ఉన్న లారీ గేరు మార్చుకుంటూ, హారన్ కొడుతూ, ఆయన హాలు నిండా మోగింది. అది దూరమయ్యేదాకా నేను ఫోన్ ఆయన ముఖం ముందే పట్టుకున్నాను.