ఎదురెదురు చిలుకలు

సిద్దిపేట బడిలో నేను డ్రాయింగ్ చెప్పేవాణ్ణి. హైదరాబాదులో నేర్చుకున్న వరుసలోనే చెప్పాలనుకున్నాను: ముందు గీత, తర్వాత ఆకారం, ఎడం, చివరకు ఒకే ఆకారం తిరిగి తిరిగి రావడం. కాని పక్క గదిలో చిన్నపిల్లల లెక్కలూ నాకే అప్పగించారు. సాయంత్రానికి గొంతు ఉండేది కాదు.

ప్రపంచ యుద్ధం వల్ల డ్రాయింగ్ కాగితం రావడం ఆగింది. బడుల తనిఖీ అధికారి నాజర్ సాబ్ వస్తున్నాడన్న కబురు వచ్చినరోజు పెద్దసారు నన్ను పిలిచారు.

"చూపియ్యనీకె ఏమన్న ఉంటెనే నీ డ్రాయింగ్ గంట ఉంటది. లేకుంటే అది సుత లెక్కలల్ల కలిపేస్త."

అదీ పోతే నేను నేర్చుకున్న చదువుకు ఈ బడిలో పనే లేదు.

కిరాణా పొట్లాల కాగితాలు పిండి ఉడికించిన లైతో అతికించి వరండా పొడవునా ఒక పట్టీ చేశాం. దాని మీద చీర అంచులా చిలుకల వరుస రావాలి. ఒంటికి చిక్కుడాకు పసరు, ముక్కుకు ఎర్రమట్టి జాజు. అట్టతో రెండు అచ్చులు కోసి రెండు జట్లకు ఇచ్చి, చెరో సగం వెయ్యమన్నాను. ఎడం సమానంగా ఉండాలి, వరుస ఎటు సాగితే ముక్కు అటే ఉండాలి అని చెప్పి లెక్కలకు వెళ్లాను.

"సారూ, చిలుకలు కొట్లాటకు వచ్చినయి!" అని కేకలు వినపడి పరుగెత్తాను.

మొదటి జట్టువాళ్లు ఊళ్లో పంతులు సొంతంగా నడిపే కానిగి బడిలో తెలుగు దిద్ది వచ్చినవాళ్లు. ఎడమ కొస నుంచి వేశారు. రెండో జట్టువాళ్లది మొదటినుంచీ కుడినుంచి ఎడమకు రాసే ఉర్దూ చదువు. కుడి కొసన కూర్చుని, అచ్చు తిరగేసి ఇటు వచ్చారు. నడుమ రెండు చిలుకలు ముక్కుకు ముక్కు ఎదురుగా నిలిచాయి.

"ఎవడన్న గాడికెల్లి మొదలువెడ్తడార?"

"మేం గట్లనే రాస్తం. మీదే ఉల్ట!"

"ఎటు పోతె అటు ముక్కని సారే చెప్పిండు గద!"

నిజమే, నేనే చెప్పాను. పసరు తుడిస్తే పోదు. ఇంకో కాగితం లేదు. తెల్లారితే తనిఖీ. నడుమ మిగిలిన జాగాలో చిలుక పట్టదు. అక్కడ ఒక జామపండు వేశాను.

"పండు ఏ జట్టుది సారూ?"

"ఎవ్వరిది గాదు. కూసోండి."

నాజర్ సాబ్ పట్టీ ముందు చాలాసేపు నిలబడ్డాడు. రెండు వైపులూ చక్కగా తూగాయని ఉర్దూలో మెచ్చుకుని, డ్రాయింగ్ గంట ఉంచమన్నాడు.

ఆయన వెళ్లగానే పెద్దసారు నవ్వుతూ, "ఇగ అన్ని గదులల్ల ఇట్లనే ఎదురెదురు ఏపియ్యి. లెక్కలు మాత్రం ఇడ్వకు" అన్నారు.

గంట మిగిలింది. ఒకే దిక్కున సాగే వరుస పాఠం కూడా మిగిలే ఉంది. మర్నాడు చిన్నపిల్లల ఎక్కాలు ముగించి వచ్చి, బోర్డు మీద పొడవుగా గీత గీశాను.

"సారూ, ఈసారి ఎటుకెల్లి?"

ఎక్కాలకే గొంతు పోయింది. గీత ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే దిక్కుగా చేత్తో చూపించాను.