పిల్ల యాడ ఆగింది?

మేడమ్ పోయారన్న సంగతి నాకు ఆదోని బస్టాండులో తెలిసింది. ఎమ్మిగనూరు బస్సెక్కి కిటికీ పక్కన బ్యాగు పెట్టానో లేదో దేవనకొండ సార్ దగ్గర్నుంచి ఫోన్. "యాడుండావమ్మా? నిలబడుండావా, కూర్చున్నావా?" అని అడిగారు. ఎప్పుడూ అలా అడిగే మనిషి కాదు. కూర్చున్నానని చెప్పాను. "మేడమ్ లేదమ్మా. తెల్లారుజామున గుండెనొప్పి అనిందంట. ఆస్పత్రికి పోయేలోపలే అయిపోయింది" అన్నారు.

ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది భయం. ఎల్లుండి శనివారం నేను చెప్పాల్సిన పాఠం గుర్తొచ్చింది. ఆ పాఠం సంగతి చెబితే గానీ మేడమ్ ఎవరో మీకు తెలియదు.

మేడమ్ ఎమ్మిగనూరులో ఒక ప్రభుత్వ బడిలో లెక్కలు చెప్పేవారు. మగ్గం నేసే ఇంట్లో పుట్టి, ఆ చప్పుడు మధ్యే చదువుకున్న మనిషి. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు లెక్కలు చెప్పే మాలాంటి వాళ్లను చుట్టుపక్కల బడుల నుంచి పోగేసి, నెలకొక శనివారం ఏదో ఒక బడిలో కలిపేవారు. ఒకరి పేరు ఒకరు పట్టి పిలుచుకునేది తక్కువ. దేవనకొండ నుంచి వచ్చే ఆయన దేవనకొండ సార్, నేను ఆదోని అమ్మాయిని.

శిక్షణ తరగతులు మాకు కొత్త కాదు. ఎవరో చెబుతారు, మేం వింటాం, భోజనం చేసి ఇళ్లకు వస్తాం. మేడమ్ పద్ధతి వేరు. మాలో ఒకరు మిగిలిన అందరి ముందూ నిజమైన పిల్లలకు పాఠం చెప్పాలి. చూడ్డానికి వచ్చినవాళ్లు మాత్రం టీచరును చూడకూడదు. ఒక్కొక్కరూ ఒక్కో పిల్ల పక్కన బల్ల మీద ఇరుక్కుని కూర్చుని, ఆ పిల్ల చేతినీ, ముఖాన్నీ, పెన్సిలునూ చూడాలి. పాఠం అయ్యాక ఆ పిల్ల లెక్కలో ఎక్కడ చిక్కుకుందో అదే మాట్లాడాలి. "బాగా చెప్పినారు" అన్నా, "సరిగా చెప్పలేదు" అన్నా, అన్నవాళ్లే లేచి వెళ్లి అందరికీ టీ తీసుకురావాలి. మేడమ్ అడిగేది ఒకటే మాట. "పిల్ల యాడ ఆగింది?"

మొదట్లో నాకిది సుఖంగానే అనిపించింది. ఎవరూ నన్ను చూడరు కదా అనుకున్నాను. తర్వాత తెలిసింది, ఇంతకంటే భయం ఇంకోటి లేదని. ఇన్‌స్పెక్షనుకు వచ్చినవాళ్ల ముందు ఎలాగో నెట్టుకురావచ్చు. పక్కన కూర్చుని పిల్ల పెన్సిలు చూసేవాళ్ల ముందు ఏ నటనా పనికిరాదు.

ఏడాదిలో మొదటి పాఠం మేడమ్ తనే చెప్పేవారు. అదీ తనకు సరిగా చెప్పడం రాదనుకున్న పాఠమే ఎంచుకునేవారు. ఈ ఏడు భిన్నాల కూడిక, తన బడిలోనే ఆరో తరగతికి. ఆ రోజు పాఠానికి ముందు కొళాయి దగ్గర ఆమె కడిగిన చేతులే మళ్లీ కడుక్కోవడం చూశాను.

"మీకు కూడా భయమేనా మేడమ్?" అన్నాను.

"భయం లేకుండా పిల్లోళ్ల ముందరికి పోతే వాళ్లు చెప్పేది ఇనపడుతుందా? కొంచెం వణుకు ఉండాలమ్మా" అంటూ చీర కొంగుకు చేతులు తుడుచుకుని లోపలికి నడిచారు.

సగమూ, మూడోవంతూ కలిపితే ఎంత అని బోర్డు మీద రాశారు. వెనక బల్లలో రెండు జడల పిల్ల లేచి, అయిదింట రెండు అంది. ఏటా ఏదో ఒక పిల్ల చేసే తప్పే. మేమైతే కాదని చెప్పి ముందుకు పోతాం. మేడమ్ మాత్రం ఎట్లా వచ్చిందని అడిగారు.

"పోయిన పరీక్షలో రెండు లెక్కలిచ్చినారు టీచర్, ఒకటి ఒప్పయింది. ఈసారి మూడిచ్చినారు, మళ్లా ఒకటే ఒప్పయింది. అంతా కలిపితే అయిదిట్లో రెండే కదా?"

తన పక్కన కూర్చున్న పిల్లవాణ్ణి వదిలి దేవనకొండ సార్ కూడా తలెత్తి చూశారు. మేడమ్ చాక్‌పీసు పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డారు. అన్నేళ్ల సర్వీసు ఉన్న మనిషి, అంతమంది ఎదుట. ఆమె బదులు నాకు చెమటలు పట్టాయి.

"నువ్వు చెప్పిందాంట్లో నిజముంది పాపా" అన్నారు చివరికి. "నేను చెప్పిందాంట్లోనూ ఉంది. రెండూ యాడ విడిపోయినాయో నాకిప్పుడు చెప్పేకి రాలేదు. మేమంతా మాట్లాడుకుని వస్తాం. ఈ లెక్క జ్ఞాపకం పెట్టుకో."

బడి వదిలాక బొరుగుల ఉగ్గాని, బజ్జీలు ముందు పెట్టుకుని చాలాసేపు వాదించుకున్నాం. "క.సా.గు. చెప్పేసింటే అయిపోయేది కదా మేడమ్" అన్నారు దేవనకొండ సార్. "జవాబైతే వచ్చేది సార్. ఆ పిల్ల అనుమానం యాడికి పోతుంది?" అన్నారామె. నేను ఊరుకోలేక, మీరెంత ఓపిగ్గా విన్నారో అని మొదలుపెట్టాను. "పోమ్మా, టీ నువ్వే" అన్నారు. అందరూ నవ్వారు. నేను టీ తెచ్చేసరికి నిర్ణయం అయిపోయింది. వచ్చే నెల అదే తరగతి, అదే పాఠం, ఆదోని అమ్మాయి చెబుతుంది. ఆగిపోయిన పాఠాన్ని చెప్పిన మనిషే మళ్లీ చెప్పకూడదు, ఇంకొకరి చేతికి వెళ్లాలి. అది మా గుంపులో ఎప్పట్నుంచో ఉన్న కట్టుబాటు.

"మీకే రానిది నాకేం వస్తుంది మేడమ్?" అన్నాను.

"పోగు తెగితే మగ్గం ఆపి యాడ తెగిందో ఎతుక్కుంటారు. నాకు చూపు ఆనకపోతే పక్కింటామెను పిలుస్తాను. అంతే కదా" అన్నారు.

ఆ నెలంతా నాకు సరిగ్గా నిద్రలేదు. పాఠానికి మూడు రోజుల ముందు, బుధవారం సాయంత్రం ఆమె ఫోన్ చేశారు. ఒకే పొడుగు కాగితపు పట్టీలు పిల్లలకిచ్చి, సగం మడిచి, మూడోవంతు మడిచి, రెంటినీ పక్కపక్కన పెట్టించమన్నారు. "సగానికి ఇంకొంచెం కలిపినాక సగం కన్నా తగ్గుతుందా అని అడుగు. జవాబు నువ్వు చెప్పొద్దు. పరీక్షలు రెండూ ఒకే పొడుగువేనా అనేది ఆ పిల్లకే తట్టాల." ఫోన్ పెట్టేసే ముందు ఇంకో మాట అన్నారు. "భయపడొద్దు. ఆ పిల్ల పక్కన నేను కూర్చుంటాలే."

తెల్లారితే గురువారం. మేడమ్ లేదన్న మాట వింటూ బస్సులో ఫోన్ పట్టుకుని ఉన్నాను.

మేడమ్ వాళ్ల వీధిలో ఆ రోజు మగ్గాలు ఆగాయి. నేనెప్పుడు వెళ్లినా ఆ చప్పుడుకు మాట వినబడక గట్టిగా మాట్లాడుకునేవాళ్లం. ఆ రోజు అందరం గుసగుసలాడాం. ఆ ఆరో తరగతి పిల్లలు వచ్చి గోడ పక్కన నిలబడ్డారు. వాళ్లలో రెండు జడల పిల్ల కూడా ఉంది. తిరిగి వచ్చేటప్పుడు, శనివారం సంగతేమిటని మావాళ్లను అడిగాను.

"ఆమె పిలిచింది, వచ్చినాం. ఇంక ఎవరు పిలుస్తారు, ఎవరొస్తారు?" అన్నారు దేవనకొండ సార్. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆ రాత్రి మా వాట్సాప్ గుంపులో ఎవరూ ఏమీ రాయలేదు. రాయడానికి నాకు ధైర్యం చాలలేదు.

శుక్రవారం బడి నుంచి వచ్చి కాగితాలు కత్తిరించాను. వంకరగా వచ్చినవి పారేసి మళ్లీ కత్తిరించాను. ఎవరూ రాకపోతే ఈ గుంపు ఇక్కడితో పోతుంది, అది నా చేతుల్లోనే పోతుంది. వస్తే వాళ్ల ముందు నేను నిలబడాలి. రెండూ భయాలే.

శనివారం అందరూ వచ్చారు. చెప్పులు బయట విడిచి ఒక్కొక్కరే లోపలికొచ్చి, ఒక్కో పిల్ల పక్కన కూర్చున్నారు. దేవనకొండ సార్ మాత్రం హెల్మెట్ చేతిలో పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడిపోయారు. వెనక బల్లలో రెండు జడల పిల్ల ఒక అంచుకు జరిగి, పక్కన చోటు వదిలి కూర్చుంది. ఆ చోటులో ఎవరూ కూర్చోలేదు.

పట్టీలు పంచాను. బోర్డు మీద గీసిన గీత వంకర పోయింది. సగం మడిచారు, మూడోవంతు మడుస్తున్నారు. అప్పుడు ఆ పిల్ల చెయ్యెత్తింది.

"టీచర్, ఈడ ఎవురూ కూర్చోలేదు. నేను తప్పు చేస్తే ఎవురు సూస్తారు?"

బోర్డు వైపు తిరిగితే ఏడ్చేస్తానని తెలిసి, తిరగకుండా అలాగే నిలబడ్డాను.

గుమ్మం దగ్గర్నుంచి దేవనకొండ సార్ నడిచి వచ్చారు. హెల్మెట్ బల్ల కింద పెట్టి, పొడుగాటి కాళ్లు ఎలాగో ఇరికించుకుని ఆ చోటులో కూర్చున్నారు. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఆ పిల్ల చేతి మీదికి వంగి, మెల్లగా అడిగారు. "యాడ ఆగినావు పాపా?"

ఆ పిల్ల సగం మడిచిన పట్టీని ఆయన వైపు జరిపింది.