ఆడవాళ్ళ గేటు మునిరత్నమ్మ

మునిరత్నమ్మ గురించి అడిగితే తిరుపతిలో ఆమెను ఎరిగినవాళ్ళంతా ఒకటే చెబుతారు. గయ్యాళే గానీ అబద్ధమాడదు అంటారు. గయ్యాళి అన్నది నిజమే. రెండో మాట సంగతి నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు, అందుకే ఈ గోల. నా పేరు జయరావు. బస్టాండు దగ్గర టాకీసులో ఇరవై రెండేళ్ళు ఆపరేటరుగా పనిచేశాను. ఆ టాకీసు ఇప్పుడు కల్యాణమండపం. పేరు చెప్పి ఎవర్ని ఉద్ధరించాలి?

మునిరత్నమ్మది చంద్రగిరి పక్క పల్లె. మొగుడు మా టాకీసులోనే గేటు చూసేవాడు. అతను కామెర్లతో పోతే, ఓనరు ధనంజయ నాయుడు ఆమెను పిలిచి ఆడవాళ్ళ గేటు ఇచ్చాడు. చంకలో ఒకే కూతురు, పేరు జ్ఞానాంబ. అప్పట్లో ఆడవాళ్ళ బెంచీలు వేరు, మధ్యలో నడుమెత్తు గోడ. ఆ గోడకు అటువైపు మునిరత్నమ్మదే రాజ్యం. బిడ్డ ఏడిస్తే తల్లిని తిట్టేది. తల్లి ఏడిస్తే బిడ్డను ఎత్తుకునేది. గోడ మీదుగా తొంగిచూసిన మగవాడికి టార్చితో నెత్తిన ఒక్కటి తగిలేది. "ఏం రా, బొమ్మ ఆడ ఉండాది, ఈడ గాదు!" అని ఆమె అరిస్తే హాలంతా నవ్వేది.

ఇంత చేసినా ఆమె తెర వైపు ఎప్పుడూ చూడలేదు. తెర పక్క తలుపు దగ్గర నిలబడి ఆడవాళ్ళ ముఖాలు చూసేది. అది ఆమె అసలు పని. కొత్త బొమ్మ పడిన శుక్రవారం మాట్నీ కాగానే నాయుడు బుకింగు పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. "ఏం మునిరత్నా?" అనేవాడు. కొంగులు తడిసుంటే ఆమె "తడిసింది" అనేది. అయితే బొమ్మ ఇంకో రెండు వారాలు ఉన్నట్టే. ఇంటర్వెల్లుకు ముందే ఆడవాళ్ళు లేచిపోతుంటే "లేసినారు" అనేది. ఆ బొమ్మకు అంతటితో నూకలు చెల్లినట్టే. మద్రాసు నుంచి వచ్చిన డిస్ట్రిబ్యూటర్ల మాట కూడా నాయుడు వినేవాడు కాదు, ఈమె మాట వినేవాడు. ఇరవై ఏళ్ళలో ఆమె మాట ఒక్కసారి తప్పలేదు. దాంతో ఆమెకు కొంచెం పొగరు కూడా ఉండేది, ఉండనీ.

జ్ఞానాంబను కార్వేటినగరంలో పెంచలయ్య మాస్టరుకిచ్చి చేసింది. ఎలిమెంటరీ స్కూలు అయ్యవారు. తెల్లపంచె, మెత్తటి మాట. అల్లుడి గురించి చెబుతుంటే మునిరత్నమ్మ గొంతే మారిపోయేది. "తాగడబ్బా, బీడీ కూడా ముట్టడు. నోట్లో నాలిక ఉండాదా లేదా అన్నట్టుంటాడు." పెళ్ళైన రెండేళ్ళకు జ్ఞానాంబ ఒంటరిగా బస్సు దిగి వచ్చింది. టాకీసు వెనక మెట్ల దగ్గర తల్లీకూతుళ్ళు మాట్లాడుకుంటుంటే నేను పైన ప్రొజెక్టరు కేబిన్ గుమ్మంలో బీడీ తాగుతున్నాను. వినకూడదని లేచి వెళ్ళే గుణం నాకు లేదు.

"కొట్టినాడా? దెబ్బ సూపీ" అంది తల్లి.

"కొట్టడు మా. బీరువా తాళం తనే దాసి, యాడ పెట్టినావని పొద్దన్నించి ఎతికిస్తాడు. నేను ఏడ్సినాక తన జేబులోంచి తీసి, నువ్వే గదా నాకిచ్చినావు, తల తిరిగిందా అంటాడు. పప్పులో నేనెయ్యని ఉప్పు ఉంటాది. పదైదు దినాలు మాట్లాడడు. ఎవురన్నా వస్తే మాత్రం నగుతా పలకరిస్తాడు. మా, నాకే అనుమానం వస్తా ఉండాది, నా తల బాగుండాదా అని."

"కడుపు సించుకుంటే కాళ్ళమీద పడతాదే. ఉప్పెక్కువైందని సంసారం ఇడిసిపెట్టి వస్తారా? ఇంటిగుట్టు పెరుమాళ్ళకెరుక. పో, ఐదు గంటల బస్సుంటాది."

అలా మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ తల్లి ఐదు గంటల బస్సు ఎక్కించింది.

ఎనభై ఒకటిలో ఒక బొమ్మ వచ్చింది. రంగుల బొమ్మలు తప్ప ఎవడూ చూడని రోజుల్లో అది నలుపు తెలుపు. పేరున్న మొహం ఒక్కటి లేదు, పాట లేదు, ఫైటు లేదు. ఎవరో నలుగురు కుర్రవాళ్ళు ఉన్నదంతా ఊడ్చిపెట్టి తీశారట. వేరే బొమ్మ పెట్టె రాక, ఒక వారం ఖాళీ వచ్చి, నాయుడు అది వేశాడు. కథ చెబుతాను, చిన్నదే. ఒక గుమాస్తా ఉంటాడు. వీధిలో వాడంత మంచివాడు లేడు. ఇంటి తలుపు మూశాక వాడు పెళ్ళానికి మెల్లమెల్లగా పిచ్చెక్కిస్తాడు. వస్తువులు దాస్తాడు, దీపం ఆర్పి కూర్చుంటాడు, ఆమె పెంచిన చిలక మెడ విరిచి నువ్వే చేశావంటాడు. చివరికి ఆమె రోకలి ఎత్తుతుంది. ఏడు దెబ్బలు. నలుపు తెలుపులో నెత్తురు తారులాగా ఉండేది. నేను ప్రతి ఆటలో అక్కడ ప్రొజెక్టరు దీపంలో కార్బన్ కడ్డీ సరిచేసే నెపంతో తల తిప్పుకునేవాణ్ణి.

మగవాళ్ళ ఆర్భాటం చూడాలి. మొదటి అరగంట "పాట ఎయ్యరా జయరావూ" అని కేబిన్ మీదికి వేరుశనగ పొట్టు విసిరారు. చిలక చచ్చినప్పుడు ఈలలు వేశారు. రోకలి దెబ్బల దగ్గర బెంచీలు చరుస్తూ "ఒకటీ, రెండూ, మూడూ" అని లెక్కపెట్టారు. కొండ దిగి రైలు టైము దాకా పొద్దుపోక వచ్చిన గుండ్ల గుంపు ఒకటి, లడ్డు సంచులు ఒళ్ళో పెట్టుకుని చూస్తున్నవాళ్ళు, ఆ నెత్తురు చూసి "గోవిందా గోవింద" అంటూ లేచి బయటపడ్డారు. బయట సోడా బండి దగ్గర ఒక పెద్దమనిషి, "ఆ పెండ్లాం మొండిది, అందుకే ఆ మొగుడు అట్ల సేసినాడు" అని తీర్పు చెప్పాడు. నలుగురు తలలూపారు. థూ!

గోడకు అటువైపు ఒక్క చప్పుడు లేదు. ఒక్క కొంగు కంటిదాకా పోలేదు. ఒక్కరూ లేవలేదు. ఆట అయిపోయి లైట్లు వేశాక కూడా కొంతసేపు అలాగే కూర్చున్నారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. శుక్రవారం నాయుడు అడిగితే మునిరత్నమ్మ మొట్టమొదటిసారి తడబడింది. "ఏమీ తెలీడం లేదయ్యా. రేపు సెప్తా" అంది.

మర్నాడు జ్ఞానాంబ నాలుగోసారి వచ్చింది. మాట్నీకి గేటు వదలడానికి లేక, తల్లి ఆమెను లోపల మూడో బెంచీలో కూర్చోబెట్టింది. బొమ్మ నడుస్తుండగా నేను కేబిన్ కంతలోంచి చూశాను. ఆ రోజు మునిరత్నమ్మ ఒకే ముఖం చూస్తూ నిలబడింది. చివరి రీలులో రోకలి లేచినప్పుడు, ఇరవై ఏళ్ళలో మొదటిసారి, తిరిగి తెర వైపు చూసింది.

ఆట కాగానే జ్ఞానాంబ మెట్ల దగ్గర తల్లి రెండు చేతులూ పట్టుకుంది. ఆ పిల్ల ముఖంలో సంతోషం! ఏళ్ళ తర్వాత చూశాను ఆ ముఖంలో సంతోషం. "మా, సూసినావా? వాళ్ళకి మా ఇల్లు ఎట్ల తెలిసె? అంటే నా తల బాగుండాది మా. ఇట్లాంటోళ్ళు ఉండారు." నా వైపు తిరిగి, "అన్నా, ఈ బొమ్మ ఎన్ని దినాలుంటాది?" అని అడిగింది.

"గురువారం దాకా ఉంటాది తల్లీ" అన్నాను.

"సాలు" అని, ఎవరూ చెప్పకుండానే తనే ఐదు గంటల బస్సుకు వెళ్ళిపోయింది.

మునిరత్నమ్మ నా దగ్గరికి వచ్చింది. "జయరావూ, నా బిడ్డ ఆ రోకలిని సూసిన సూపు నువ్వు సూళ్ళేదు" అంది. నేరుగా నాయుడి దగ్గరికి వెళ్ళింది. నాయుడు అడగకముందే, "లేసినారయ్యా. సగం మంది ఇంటర్వెల్లుకే లేసినారు. ఆడోళ్ళు సూసే బొమ్మ గాదు, తీసెయ్యండి" అంది. నేను పక్కనే ఉన్నాను. ఒక్కరూ లేవలేదని నాకు తెలుసు. మనకెందుకులే అనుకున్నాను. మనకెందుకులే అనుకోవడంలో నన్ను మించినవాడు ఈ జిల్లాలో లేడు.

ఆగిపోయిన పెట్టె రాగానే సోమవారం బొమ్మ మార్చారు. గోడల మీద పాత పోస్టర్ల పైన కొత్త రంగుల పోస్టర్లు అతికించారు. మంగళవారం మాట్నీ వేళకు జ్ఞానాంబ వచ్చింది. వెంట గుండ్లు కొట్టించుకున్న ఇద్దరు పెద్దలు. పెంచలయ్యను పెంచిన మేనమామ చెంగయ్య, ఆయన భార్య. పెంచలయ్య ఈ లోకంలో భయపడేది ఆ చెంగయ్య ఒక్కడికే. తలనీలాలు ఇవ్వడానికి కొండకు వస్తున్నారని తెలిసి, జ్ఞానాంబ వాళ్ళతో తనూ బయల్దేరి, దిగాక ఒక బొమ్మ చూద్దాం రండి మామా అని బతిమాలి తెచ్చింది. తను చెబితే ఎవరూ నమ్మలేదు కదా, చూస్తే నమ్ముతారని. ఆ మూడు రోజులు ఆమె ఎంత లెక్క వేసుకుని ఉంటుందో.

గేటు దగ్గర పోస్టరు చూసి నిలబడిపోయింది. "ఇది గాదు మామా. ఇంకోటి. మొగుడు తాళం దాస్తాడు, సిలకను సంపుతాడు... మొన్న నేను సూసినా."

చెంగయ్య మనిషి చెడ్డవాడు కాదు. నెమ్మదిగా మునిరత్నమ్మనే అడిగాడు. "ఏమ్మా, అట్లాంటి బొమ్మ ఈడ ఆడినాదా?"

వియ్యాలవారి ముందు, చుట్టూ జనం ముందు, మునిరత్నమ్మ కూతురి ముఖం చూడకుండా చెప్పింది. "లేదన్నా. అట్లాంటి బొమ్మేదీ రాలేదు. బిడ్డ యాడో కల గనుంటాది."

జ్ఞానాంబ నా వైపు చూసింది. ఆ బొమ్మ రీళ్ళ పెట్టె నా వెనకే, గేటు వారగా ఉంది. సాయంత్రం బస్సుకు వెయ్యాల్సింది. పెట్టె మీద బొమ్మ పేరు తెల్లరంగుతో ఇంతింత అక్షరాల్లో రాసి ఉంది. నేను ఒక్క అడుగు పక్కకు జరిగి ఉంటే చాలు. మునిరత్నమ్మ నా వైపు చూసిన చూపుకు నేను జరగలేదు. బీడీ వెలిగించుకున్నాను.

వాళ్ళు ముగ్గురూ ఆ రంగుల బొమ్మ చూసి వెళ్ళారు. చెంగయ్య భార్య పాటలు బాగున్నాయంది.

దీపావళికి ముందు పెంచలయ్య జ్ఞానాంబను, ఒక ట్రంకుపెట్టెను తెచ్చి మునిరత్నమ్మ గడపలో దించాడు. తలకు బాగలేదన్నాడు, మెత్తగా. వెంట వచ్చిన చెంగయ్య సాక్ష్యం చెప్పాడు. "నాకు ఆ పొద్దే అనుమానమొచ్చినాదమ్మా. లేని బొమ్మ ఉండాదని మమ్మల్ని టాకీసుకు తోడుకొని వచ్చె గదా. నువ్వే గదా సెప్పినావు." మునిరత్నమ్మ ట్రంకుపెట్టె ఎత్తి లోపల పెట్టింది.

ఆ తర్వాత ఆమె ఏ బొమ్మకూ మాట చెప్పలేదు. నాయుడు అడిగితే, "నన్నడగొద్దయ్యా" అనేది. ఆరునెలలకు నాయుడు అడగడం మానేశాడు. జ్ఞానాంబ రోజూ మాట్నీకి మూడో బెంచీలో కూర్చునేది. పేర్లు పడేదాకా చూసి, ఇది కాదని తెలియగానే కళ్ళు మూసుకునేది. తల్లి తలుపు దగ్గర నిలబడి ఆ ముఖమే చూసేది.

ఎనభై ఐదులో ఒకరోజు జ్ఞానాంబ మాట్నీ మధ్యలోనే మెట్లెక్కి కేబిన్ గుమ్మం దాకా వచ్చింది. లోపలికి రాలేదు.

"అన్నా, నిజం సెప్పన్నా. ఆ బొమ్మ ఆడినాది గదా?"

రీలు తిరుగుతోంది. కింద ఎవరో ఈల వేశారు.

"ఆడినాది తల్లీ. ఒక్కరు కూడా లేయలేదు. నేనే ఆడించినా" అన్నాను.

ఆమె ఎంతో మామూలుగా, "అయితే ఆ మాట చెంగయ్య మామకు సెప్తావా అన్నా, నాతో వచ్చి?" అని అడిగింది.

చెంగయ్య పోయి అప్పటికి రెండేళ్ళు.